వారంటీ పొడిగింపు: విశాఖలో రెండు కార్లకు రెండు జవాబులు

మీ ప్రశ్నలో రెండు కార్లు ఉన్నాయి కాబట్టి రెండింటికీ విడివిడిగా జవాబు చెప్పాలి. మీది డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్, ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే టర్బో ఉన్న పెట్రోల్ ఆటోమేటిక్ కారు. కొని రెండేళ్ల పది నెలలయింది, 46,000 కిలోమీటర్లు తిరిగింది, దానిలోనే రోజూ మధురవాడ నుంచి గాజువాకకు ఉద్యోగానికి వెళ్లివస్తున్నారు. మూడేళ్ల వారంటీ ముగిసేలోగా మరో రెండేళ్లు పొడిగించుకోవడానికి షోరూమ్ వారు పన్నుతో కలిపి 34,000 రూపాయలు అడుగుతున్నారు. పెదవాల్తేరులో సముద్రానికి దగ్గరగా ఉంటున్న మీ నాన్నగారిది మామూలు గేర్ల పెట్రోల్ కారు. అది ఏడాదికి 5,000 కిలోమీటర్లు కూడా తిరగదు, దాని వారంటీ కూడా దాదాపు ఇదే సమయానికి ముగుస్తుంది, దానికి 14,000 అడుగుతున్నారు. రెండింటికీ కట్టాలా, ఒకదానికే కట్టాలా, అసలు అక్కర్లేదా అన్నది మీ సందేహం.

పదకొండేళ్లు ఒక కంపెనీ సర్వీస్ సెంటర్‌లో సర్వీస్ అడ్వైజర్‌గా పనిచేశాను, ఆ తర్వాత నుంచి గాజువాక ఆటోనగర్‌లో సొంత షెడ్డు నడుపుతున్నాను. వారంటీ క్లెయిమ్‌లను కౌంటరుకు రెండు వైపుల నుంచీ చూసిన అనుభవంతో నా జవాబు ముందే చెబుతాను. మీ కారుకు కట్టండి, కానీ ఒక షరతు తేలాకే కట్టండి. నాన్నగారి కారుకు వద్దు, ఆ డబ్బులో కొంత మరో పనికి పెట్టండి. ఎందుకలా అంటున్నానో ఇక వివరిస్తాను.

ముందుగా లెక్క చూద్దాం. మీరు కట్టే 34,000లో 18 శాతం జీఎస్టీయే దాదాపు 5,200 రూపాయలు. మిగిలిన దానిలో డీలరు కమీషన్, కంపెనీ లాభం పోగా రిపేర్లకు ఖర్చయ్యేది ఎంతో కొంత తక్కువే ఉంటుంది. మీ కారులో రావడానికి అవకాశమున్న పెద్ద ఖర్చు, అంటే గేర్‌బాక్స్‌ను నడిపే ఎలక్ట్రానిక్ యూనిట్టో, క్లచ్ సెట్టో, టర్బోనో పోతే అయ్యే ఖర్చు, లక్షన్నర అనుకుందాం. మీ 34,000కు సరిసమానమైన విలువ రావాలంటే మీలాంటి వంద కార్లలో ఈ రెండేళ్లలో ఇరవై రెండు, ఇరవై మూడు కార్లకు అంత పెద్ద చెడు రావాలి. అంత ఎక్కువ కార్లకు అలా రాదు. కాబట్టి వారంటీ పొడిగింపు సగటు మనిషికి లాభసాటి బేరం కాదని మొదటే ఒప్పుకోవాలి. అలా కాకపోతే కంపెనీలు దాన్ని అమ్మవు.

అయినా మీకు కట్టమంటున్నాను, ఎందుకంటే మీ కుటుంబం వంద కార్ల సగటు మీద బతకదు, ఒక్క కారు మీదే ఆధారపడుతుంది. మీ కారుకు ఇంకా రెండేళ్ల ఈఎంఐ మిగిలి ఉందని రాశారు. ఈఎంఐ నడుస్తుండగా ఒక్కసారిగా లక్షన్నర బిల్లు వస్తే మీరు దాన్ని ఏ పొదుపులోంచి తీస్తారు? ఆ ప్రశ్నకు ఇబ్బంది లేకుండా జవాబు చెప్పగలవారికి ఏ కారుకైనా పొడిగింపు అవసరం లేదు. చెప్పలేనివారు, విడిభాగం ఒక్కటి పోతేనే ఆరు అంకెల బిల్లు వచ్చే కారు నడుపుతున్నప్పుడు, నెలకు 1,400 రూపాయల చొప్పున ఆ భయాన్ని ఇంకొకరి మీద పెట్టడంలో తప్పు లేదు. పొడిగింపు కొనాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నేను మొదట చూసేది కారు పేరును కాదు. ఆ కారులోని అత్యంత ఖరీదైన ఒక్క భాగం ధరను, యజమాని చేతిలో కదిలించగల డబ్బును పక్కపక్కన పెట్టి చూస్తాను.

మీ గేర్‌బాక్స్ గురించి మరికొంత చెప్పాలి. డ్యూయల్ క్లచ్‌లో రెండు క్లచ్‌లు ఉంటాయి, ఒకటి బేసి గేర్లను, మరొకటి సరి గేర్లను పట్టుకుంటుంది, వాటిని మీ కాలు కాకుండా కంప్యూటరు నడుపుతుంది. వీటిలో డ్రై క్లచ్ రకానికి నూనె చల్లదనం ఉండదు కాబట్టి అడుగులో అడుగు వేసే ట్రాఫిక్‌లోనూ, ఎత్తు మీద కారును యాక్సిలరేటర్‌తో నిలబెట్టే అలవాటు వల్లా వేడెక్కి త్వరగా అరుగుతుంది. హనుమంతవాక దగ్గరి ఎత్తు, సాయంత్రం గాజువాక జంక్షన్, స్టీల్ ప్లాంట్ షిఫ్టు వదిలే వేళ కూర్మన్నపాలెం, ఆదివారం సింహాచలం ఘాటు రోడ్డులో నిలిచిపోయిన వరస: మీ కారుకు కష్టమైన చోట్లన్నీ మీ దారిలోనో, దాని చుట్టుపక్కలో ఉన్నాయి. హైవే మీద ఏడాదికి ముప్పై వేలు తిరిగే కారు కన్నా నగరంలో పదిహేను వేలు తిరిగే కారు గేర్‌బాక్స్ ఎక్కువ బాధపడిన సందర్భాలు నా షెడ్డులో చూశాను. ఎత్తు మీద ఆగినప్పుడు బ్రేకు మీదే ఉండటం, ముందున్న వాహనానికి కాస్త ఖాళీ వదిలి ఒకేసారి కదలడం ఈ గేర్‌బాక్స్‌కు నిజంగా ఆయుష్షు పెంచుతాయి.

నేను చెప్పిన షరతు ఇక్కడే ఉంది. వారంటీ ఏదైనా సరే, అరిగిపోయే వస్తువులకు వర్తించదు: బ్రేకు ప్యాడ్లు, టైర్లు, వైపర్లు, ఫిల్టర్లు, ఆయిల్, బల్బులు, మామూలు కార్లలో క్లచ్ ప్లేటు. డ్యూయల్ క్లచ్ సెట్టును కొందరు ఆ జాబితాలో వేస్తారు, కొందరు వేయరు. మీ కారులో పోయే అవకాశం ఎక్కువగా ఉన్నది అదే అయినప్పుడు, దాన్ని వదిలేసిన పొడిగింపు మీకు సగమే పనికొస్తుంది. కాబట్టి షోరూమ్‌లో నోటిమాటగా 'అన్నీ కవర్ అవుతాయి సార్' అంటే సంతోషపడవద్దు. క్లచ్ సెట్టు, దాన్ని కదిలించే యూనిట్టు, గేర్‌బాక్స్ కంట్రోలరు, ఈ మూడు పేర్లూ రాసి, ఇవి పొడిగింపులో ఉన్నాయా లేవా అని ఈమెయిల్‌లో అడగండి. మూడూ ఉన్నాయని జవాబు రాతపూర్వకంగా వస్తే 34,000 కట్టండి. క్లచ్ సెట్టు లేదని, మిగిలిన రెండూ ఉన్నాయని చెబితే ఇంకా కట్టవచ్చు, కానీ ధర తగ్గించమని గట్టిగా అడగండి. మూడూ లేవంటే ఆ కాగితాన్ని పక్కన పెట్టేయండి.

అడగాల్సిన రెండో సంగతి, ఆ పొడిగింపు ఎవరిది అన్నది. కారు తయారుచేసిన కంపెనీ ఇచ్చే పొడిగింపు వేరు, డీలరు ఒక బీమా సంస్థ ద్వారానో మరో సంస్థ ద్వారానో అమ్మే పొడిగింపు వేరు. రెండూ ఒకే కౌంటరులో, ఒకే రంగు బ్రోచరుతో కనిపిస్తాయి. మొదటిది దేశంలోని ఆ కంపెనీ సర్వీస్ సెంటర్లన్నిటిలో చెల్లుతుంది, అరకు ఘాటులో ఆగిపోయి విజయనగరం తీసుకువెళ్లినా, హైదరాబాద్‌లో ఆగిపోయినా ఇబ్బంది ఉండదు. రెండోదానిలో కొన్నిసార్లు ముందు మీరే డబ్బు కట్టి తర్వాత తిరిగి రాబట్టుకోవాలి, ఒక్కో క్లెయిముకు పరిమితి ఉండవచ్చు, ప్రతి క్లెయిములోనూ మీ వాటా కొంత ఉండవచ్చు. సర్టిఫికెట్ మీద ఎవరి పేరు ఉందో చూస్తే ఇది ఒక్క నిమిషంలో తేలుతుంది.

ఇక ఈ ఊరి సంగతికి వస్తాను. దీని గురించే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే విశాఖలో కార్లను నిజంగా తినేది ఉప్పుగాలి. బీచ్ రోడ్డు వెంట, పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ, రుషికొండ వైపు బయట నిలిపే కార్ల కింది భాగాన్ని లిఫ్టు మీద ఎత్తి చూస్తే మూడో ఏడాదికే బోల్టుల తలలు ఎర్రబడి ఉంటాయి, సైలెన్సర్ అతుకుల దగ్గర పొరలు లేస్తాయి, సస్పెన్షన్ చేతుల మీద రంగు ఉబ్బుతుంది, రేడియేటరు ముందు ఉండే ఏసీ కండెన్సర్ రెక్కలు పొడిపొడిగా రాలుతాయి. మల్కాపురం, గాజువాక, పోర్టు చుట్టుపక్కల అయితే ఉప్పుకు తోడు బొగ్గు పొడి, ఇనుప ఖనిజం ధూళి రంగు మీద కూర్చుంటాయి. వారంటీ పుస్తకం చివరి పేజీల్లో మినహాయింపుల భాగం తీసి చూడండి. ఉప్పు, పారిశ్రామిక ధూళి, రసాయనాలు, పక్షుల రెట్టలు, చెట్ల జిగురు వంటి వాటివల్ల వచ్చే నష్టం మా బాధ్యత కాదని దాదాపు ప్రతి కంపెనీ రాసి ఉంచుతుంది. అంటే మన ఊళ్లో అందరికీ వచ్చే తెగులు, ఏ పొడిగింపు కొన్నా, మన నెత్తినే ఉంటుంది.

నేను కౌంటరులో ఉన్న రోజుల్లో సముద్రం పక్క అపార్టుమెంటు నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయిని ఏసీ చల్లబడటం లేదని కారు తెచ్చారు. పొడిగింపు కట్టి ఏడాది కూడా కాలేదు. కండెన్సర్ చిల్లు పడింది, కారణం తుప్పు అని పైనుంచి క్లెయిమ్ తిరస్కరించారు. ఆవిడకు ఆ మాట చెప్పాల్సింది నేను. డబ్బు కట్టించుకునేటప్పుడు ఈ ఊళ్లో దీనికి వర్తించదని ఒక్కరైనా చెప్పి ఉండాల్సింది అని ఆవిడ అన్న మాట ఇప్పటికీ నన్ను బాధిస్తుంది, ఎందుకంటే అమ్మినవారిలో మా సంస్థ ఉంది, చెప్పనివారిలో నేనూ ఉన్నాను.

మీ నాన్నగారి కారుకు వద్దనడానికి ఇది మొదటి కారణం. ఆ కారులో టర్బో లేదు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లేదు. అందులో పోగల ఖరీదైన భాగాలంటే ఏసీ కంప్రెసర్, ఆల్టర్నేటర్, ఎలక్ట్రిక్ స్టీరింగ్ తాలూకు యూనిట్టు వంటివి, వాటిలో ఏ ఒక్కటి పోయినా పింఛను వచ్చే కుటుంబం ఒకటి రెండు నెలల సర్దుబాటుతో భరించగలిగే ఖర్చే. ఇలాంటి ఇంజిన్లను, ఇలాంటి గేర్‌బాక్స్‌లను ఆటోనగర్‌లో పాతికేళ్ల అనుభవమున్న మెకానిక్‌లు కళ్లు మూసుకుని విప్పి బిగిస్తారు, భాగాలు కూడా సులభంగా దొరుకుతాయి. తక్కువ తిరిగే కారుకు అరుగుదల కన్నా కదలకుండా నిలబడటం వల్ల వచ్చే ఇబ్బందులే ఎక్కువ: బ్యాటరీ దిగిపోవడం, బ్రేకు డిస్కులు తుప్పు పట్టడం, టైర్లు గట్టిపడటం, సెల్లారులో ఎలుకలు వైర్లు కొరకడం. వీటిలో ఒక్కటికీ పొడిగింపు అక్కరకు రాదు. ఆ 14,000లో నుంచి కారు కింద భాగానికి మంచి యాంటీ రస్ట్ కోటింగ్ చేయించండి, అదీ కింద పూర్తిగా కడిగి ఆరబెట్టిన తర్వాతే చేయించండి, ఎందుకంటే ఉప్పు మీద పూసిన కోటింగ్ లోపల తుప్పును దాచిపెట్టి పెంచుతుంది. పదిహేను రోజులకోసారి మంచినీళ్లతో చక్రాల గుంతలు, కింది భాగం కడగమనండి. వారానికి రెండు సార్లైనా నాన్నగారు పదేసి కిలోమీటర్లు నడపాలి. మిగిలిన డబ్బు ఆయన పేరునే బ్యాంకులో ఉంచండి.

ఇక్కడ ఒక చిన్న మాట. పొడిగింపు తప్పనిసరి అని పెద్దలు చెప్పే సలహాలో కొంత పాతకాలానిది. మామూలు వారంటీయే రెండేళ్లతో ముగిసే రోజుల్లో ఆ మాటకు బలముండేది. మారుతి సుజుకి కూడా 2024 జులైలో తన మామూలు వారంటీని రెండేళ్లు లేదా 40,000 కిలోమీటర్ల నుంచి మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లకు పెంచింది. తయారీ లోపాలు సాధారణంగా మొదటి ఏళ్లలోనే బయటపడతాయి కాబట్టి, ఇదివరకు డబ్బు కట్టి కొనుక్కున్న రక్షణలో కొంత ఇప్పుడు కారు ధరలోనే వస్తోంది.

వారంటీని, బీమాను కలిపి ఆలోచించేవారు చాలామంది ఉన్నారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన తర్వాత వారాల తరబడి మా వర్క్‌షాపు ముందు చెట్లు పడి నలిగిన కార్లు వరస కట్టాయి, వాటి యజమానుల్లో కొందరు పొడిగింపు కాగితాలు పట్టుకుని వచ్చారు. తుపాను, వరద, ప్రమాదం, దొంగతనం ఇవన్నీ బీమా చూసుకోవాల్సినవి. వానాకాలంలో అండర్‌బ్రిడ్జి కింద నిలిచిన నీళ్లలో కారు నడిపి ఇంజిన్‌లోకి నీరు పోతే వారంటీ ఇవ్వదు, మామూలు సమగ్ర బీమా కూడా చాలాసార్లు ఇవ్వదు, దానికి బీమాలోనే ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు రక్షణ తీసుకోవాలి. మన ఊళ్లో పొడిగింపు కన్నా ముందు నేను ఎవరికైనా సూచించేది ఈ అదనపు రక్షణనే, రెండు కార్లకూ.

ఇప్పుడు రెండు కార్లకూ వెంటనే చేయాల్సిన పని ఒకటుంది, దీనికి పైసా ఖర్చు లేదు, చేసేవారు మాత్రం పదిమందిలో ఒక్కరు కూడా ఉండరు. వారంటీ ముగియడానికి నెల ముందు కారును సర్వీస్ సెంటరుకు తీసుకువెళ్లి, మీకు వచ్చిన ప్రతి అనుమానాన్నీ జాబ్ కార్డులో, అంటే కారు ఇచ్చేటప్పుడు మీ ఫిర్యాదులు రాసుకునే కాగితంలో, రాయించండి. మొదటి గేరులో కదిలేటప్పుడు వణుకు, రివర్సులో ఎత్తు ఎక్కేటప్పుడు కాలిన వాసన, టర్బో దగ్గర ఈల వంటి శబ్దం, ట్రాఫిక్‌లో నిలిచినప్పుడు ఏసీ చల్లదనం తగ్గడం, గతుకుల మీద స్టీరింగులో టక్కుమనే చప్పుడు, టచ్ స్క్రీన్ అప్పుడప్పుడు నల్లబడటం, ఏదైనా సరే. టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, కారు బాగా వేడెక్కాక, ఎత్తున్న రోడ్డు మీద నడిపి చూపించండి, ఎందుకంటే ఉదయం చల్లని కారులో ఈ లక్షణాలు దాక్కుంటాయి. లోపం దొరికితే ఉచితంగా బాగు చేస్తారు. దొరకకపోతే 'పరిశీలించాం, లోపం కనిపించలేదు' అనైనా రాయించుకోండి. వారంటీ లోపల ఫిర్యాదు నమోదై ఉంటే, గడువు దాటిన మూడో నెలలో అదే భాగం పోయినప్పుడు మీరు అడగడానికి గట్టి ఆధారం ఉంటుంది. ఉత్త చేతులతో వెళ్లి గడువు నిన్నటితో ముగిసిందే అని బతిమాలినవారిని నేను ఎంతోమందిని చూశాను, వారిలో చాలామందికి ఆ శబ్దం ఆరు నెలలుగా వినిపిస్తూనే ఉంది.

పొడిగింపు తీసుకున్నాక దాన్ని నిలబెట్టుకోవడం మీ చేతుల్లో ఉంటుంది. సర్వీసును కిలోమీటర్లు, నెలలు రెండింటిలో ఏది ముందొస్తే అప్పుడే చేయించాలి, తిరగలేదు కదా అని ఏడాది దాటనివ్వకూడదు. ప్రతి బిల్లునూ దాచండి. బయట కొన్న ఎల్‌ఈడీ లైట్లు, హారన్లు, డ్యాష్‌క్యామ్‌లు వేసేటప్పుడు కంపెనీ వైరు కోసి అతికించనివ్వకండి, ఆ ఒక్క అతుకు చూపించి ఎలక్ట్రికల్ క్లెయిములన్నీ తోసిపుచ్చగలరు. డబ్బు కట్టిన రోజే చాసిస్ నంబరుతో, మొదలయ్యే తేదీతో, ముగిసే తేదీ, కిలోమీటర్లతో సర్టిఫికెట్ తీసుకోండి. వారం తర్వాత కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మీ కారు మీద పొడిగింపు నమోదైందో లేదో కనుక్కోండి. డబ్బు తీసుకున్న షోరూమ్ కంపెనీ సిస్టమ్‌లో ఎక్కించడం మరిచిపోతే, ఆ సంగతి క్లెయిమ్ రోజున తెలిసిన కుటుంబాన్ని నేను దగ్గరగా చూశాను.

బయట మెకానిక్‌తో టైరో, బ్యాటరీయో మార్పించినంత మాత్రాన వారంటీ మొత్తం పోతుందని ఎవరైనా బెదిరిస్తే, ఆ మాటను అలాగే నమ్మవద్దు. 2014 ఆగస్టులో, వ్యాపారాల్లో పోటీ న్యాయంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేస్తూ, బయటి రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తాన్ని రద్దు చేసే షరతు పెట్టకూడదని ఆదేశించింది. కంపెనీలు దాని మీద అప్పీళ్లకు వెళ్లాయి కాబట్టి దాన్ని మీ చేతిలోని కత్తిగా చెప్పను. షెడ్డు నడిపే నేనే చెబుతున్నాను: పొడిగింపు ఉన్నన్నాళ్లూ ఇంజిన్, గేర్‌బాక్స్, వైరింగ్ పనులకు మాత్రం కంపెనీ సర్వీస్ సెంటరుకే వెళ్లండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే కారణాన్ని, ఏ నిబంధన కింద తిరస్కరించారో రాసివ్వమని అడగండి. ఆ కాగితం అడగగానే మెత్తబడిన సందర్భాలు ఉన్నాయి. తర్వాత కంపెనీకి ఈమెయిల్, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు, అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు ఉన్న వివాదాలు జిల్లా కమిషన్‌కే వెళ్తాయి, అది 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము కూడా లేదు, రెండేళ్లలోపు వేయాలి.

మీరు కారును ఐదేళ్ల లోపే అమ్మే ఆలోచనలో ఉంటే, పొడిగింపు కొత్త యజమాని పేరుకు మారుతుందో లేదో కూడా అదే ఈమెయిల్‌లో అడగండి. వారంటీ మిగిలి ఉన్న డ్యూయల్ క్లచ్ కారుకు, లేనిదానికి పాత కార్ల బజారులో తేడా ఉంటుంది, కొనేవారు భయపడేది ఆ గేర్‌బాక్స్‌కే.

మీకు ఇంకా రెండు నెలల గడువుంది. గడువు దాటాక కొందామంటే చాలా కంపెనీలు ఇవ్వవు, ఇచ్చినా తనిఖీ పెట్టి ధర పెంచుతాయి. కాబట్టి ఈమెయిల్ ఈ రోజే పంపండి, జవాబుకు పది రోజులు ఇవ్వండి. ఈలోగా ఒక శనివారం సాయంత్రం, రోడ్డు వేడిగా, కారు వేడిగా ఉన్నప్పుడు, టెక్నీషియన్‌ను ఎక్కించుకుని హనుమంతవాక ఎత్తు వైపు ఒకసారి వెళ్లిరండి.